"చల్లార్చాను" అన్న ఒక్క మాట: ఎనిమిది నెలలు తినేసిన ఒక కేసు

ల్యాబ్ నోట్‌బుక్‌లో ఒకే వాక్యం నలభై చోట్ల ఉంది. "90 డిగ్రీలకు వేడిచేసి చల్లార్చాను." చేతిరాత ముత్యాల్లా ఉంది, ప్రతి పేజీకీ తేదీ ఉంది, బరువులు నాలుగో దశాంశం దాకా రాసి ఉన్నాయి. ఒక రీసెర్చ్ స్కాలర్‌ని ఎనిమిది నెలలు ఏడిపించిన తప్పు ఆ వాక్యంలోనే, అదీ చివరి మాటలోనే ఉందని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, నేనేదో పెద్ద అనుభవం ఉన్నదాన్నని పిలిచారు కాబట్టి ఆ సిగ్గు నాకే ఎక్కువ.

విజయవాడలో ఒక కాలేజీ కెమిస్ట్రీ విభాగంలో జరిగిన సంగతి ఇది. కాలేజీ పేరు, అమ్మాయి పేరు, ఆవిడ గైడ్ పేరు చెప్పను. అణువు నిర్మాణంలోనూ, అంకెల్లోనూ గుర్తుపట్టేవి కొన్ని మార్చాను. నేను బయటి నుంచి సాయం చేయడానికి వెళ్లిన మనిషిని, అంతే.

నేపథ్యం

మామూలు పాలిమర్ అంటే, పాలిథిన్ సంచి లాంటిది, అందులో అణువులు గట్టి బంధాలతో ఒకదానికొకటి కుట్టేసినట్టు ఉంటాయి. సుప్రామాలిక్యులర్ పాలిమర్‌లో కుట్టడం ఉండదు, పట్టుకోవడమే ఉంటుంది. హైడ్రోజన్ బంధాలు, బల్లపరుపు అణువులు ఒకదాని మీద ఒకటి పేర్చుకోవడం, ఇలాంటి బలహీనమైన పట్టుతోనే మైక్రాన్ల పొడవు పోగులు తయారవుతాయి. వేడిచేస్తే విడిపోతాయి, చల్లారితే మళ్లీ కట్టుకుంటాయి. సుప్రామాలిక్యులర్ రసాయనం అన్న మాటను స్థిరపరిచిన జాఁ మారీ లేన్‌కి 1987లో ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. 1997లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మైయెర్ బృందం నాలుగు హైడ్రోజన్ బంధాలతో పట్టుకునే అణువులను తయారుచేసి, ఇవి నిజంగానే పాలిమర్లలా ప్రవర్తిస్తాయని చూపించింది. మన దేశంలో కూడా తిరువనంతపురంలో అజయఘోష్, బెంగళూరులో సుబి జార్జ్ బృందాలు ఈ రంగంలో పేరున్న పని చేశాయి, కాబట్టి ఇది మనకు అందని పని ఏమీ కాదు. కాకపోతే వాళ్ల ల్యాబుల్లో ఉన్నవన్నీ మన దగ్గర ఉండవు.

ఈ అమ్మాయి చేతిలో ఉన్నది పార్ఫిరిన్ అణువు, బల్లపరుపు రింగు లాంటిది. మధ్యలో జింకు, పక్కన అమైడ్ చేతులు, చివర పొడవాటి నూనె తోకలు. మిథైల్‌సైక్లోహెక్సేన్ అనే నూనె లాంటి ద్రావణిలో కరిగించి వేడిచేస్తే అణువులన్నీ విడివిడిగా ఉంటాయి, చల్లారితే గుమికూడతాయి. గైడ్ గారికి కావలసింది పొడవు తెలిసిన పోగులు. ఆ పోగు వెంట వెలుతురు శక్తి ఎంత దూరం పోతుందో కొలవాలని ఆయన ప్లాన్, పొడవే తెలియకపోతే ఆ కొలతకు అర్థం లేదు. ల్యాబులో ఉన్నవి ద్రావణం ఏ వెలుతురుని ఎంత మింగుతుందో కొలిచే ఒక యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్, ఒక హాట్‌ప్లేట్, శబ్ద తరంగాలతో గ్లాసు సామాను కడిగే సోనికేటర్. ఆకారం కళ్లతో చూడాలంటే ఏఎఫ్ఎమ్ (సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి బొమ్మ గీసే మైక్రోస్కోప్) కావాలి, దానికి శాంపిల్ హైదరాబాద్ పంపాలి.

సమస్య

మే నెలలో పంపిన శాంపిల్‌కి అద్భుతమైన బొమ్మ వచ్చింది. పొడవైన సన్నని పోగులు, జడ విప్పిన వెంట్రుకల్లా. గైడ్ గారు ప్రింట్ తీయించి గోడకు అంటించారు. జూన్‌లో అదే పద్ధతిలో చేసి పంపితే గుండ్రటి చుక్కలు. జూలైలో ఒకసారి చుక్కలు, ఒకసారి కాస్త పోగులు కాస్త చుక్కలు కలిసి. ఆగస్టులో మళ్లీ పోగులు. అన్నీ ఒకే బ్యాచ్, ఒకే సీసాలోని పొడి.

నన్ను పిలిచేసరికి అక్టోబర్. ఆ పిల్ల మొహంలో టెన్షన్ తప్ప ఇంకేం లేదు. "మేడమ్, నా చెయ్యి మంచిది కాదేమో" అంది. కెమిస్ట్రీలో ఈ మాట ఎంతమంది నోట విన్నానో. చెయ్యి మంచిదా కాదా అన్నది కొలవలేం, కొలవలేని దాన్ని కారణంగా ఒప్పుకుంటే ఇక వెతకడం ఆగిపోతుంది, అందుకే ఆ మాట నాకు అస్సలు పడదు.

చేసినవి, పని చేయనివి

నేను రాకముందే రెండు నెలలు శుద్ధి చేశారు. కాలమ్ మీద కాలమ్, అంటే సిలికా గొట్టంలోంచి దింపి మలినాలు వేరుచేయడం. గైడ్ గారి ఆలోచన తప్పని అనను, ఎందుకంటే ఇలాంటి అణువుల్లో ఒక శాతం మలినం కూడా పోగు చివర కూర్చుని పెరగకుండా ఆపేయగలదు. కానీ ఒకే సీసాలోని పొడి ఒక వారం పోగులు, ఇంకో వారం చుక్కలు ఇస్తుంటే మలినం వారం వారం వచ్చి పోతోందా? అణువు స్వచ్ఛత చూపే ఎన్ఎమ్ఆర్, మాస్ పరీక్షలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. రెండు నెలల సిలికా, ద్రావణాల ఖర్చు పోయింది, చుక్కలు చుక్కల్లాగే వచ్చాయి.

తర్వాత ఏఎఫ్ఎమ్ మీద అనుమానం. ఇది నా ఐడియా. చుక్క ద్రావణాన్ని పలక మీద ఆరబెట్టేటప్పుడు ద్రావణి ఆవిరవుతూ చిక్కబడుతుంది కదా, ఆ ఆరే పదినిమిషాల్లోనే కొత్త ఆకారం పుట్టొచ్చు. అందుకే ఒకే శాంపిల్‌ని ఆరబెట్టి ఒకటి, వేగంగా తిప్పి పలచగా పరిచి ఒకటి చేయించాం. రెండిట్లోనూ ఒకే బొమ్మ. ఈ అనుమానం తీరింది, కానీ సమస్య తీరలేదు.

నవంబర్‌లో నేను ఇంకో పని చెప్పాను. గాఢత రెట్టింపు చెయ్యమన్నాను, 50 మైక్రోమోలార్ నుంచి 100కి. అణువులు దగ్గరగా ఉంటే త్వరగా కలవాలి, పోగులు త్వరగా రావాలి. ఇది ఎవరైనా అనుకునేదే. వచ్చిన ఫలితం చూసి ఆ అమ్మాయి నాకు ఫోన్ చేయడానికి కూడా భయపడింది. చిక్కటి ద్రావణంలో మూడు రోజులైనా చుక్కలే, పలచని దాంట్లో ఒక్కరోజులో పోగులు మొదలయ్యాయి.

నేను ఆ రాత్రి నిద్రపోలేదు అంటే అతిశయోక్తి అవుతుంది, కానీ భోజనం చేస్తూ అన్నంలో పప్పు రెండుసార్లు కలుపుకున్నాను. చిక్కగా ఉంటే నెమ్మదవడం ఎప్పుడు జరుగుతుంది? చుక్కలు పోగులకు దారిలో ఉన్న మజిలీ అయితే జరగదు. చుక్కలు పక్కదారి అయితే జరుగుతుంది. అంటే అణువులు ముందు తొందరపడి గుండ్రంగా గుమికూడతాయి, అది వాటికి సులువు. పోగు అవ్వాలంటే ఆ గుంపులోంచి విడిపోయి, మళ్లీ వేరే పద్ధతిలో పేర్చుకోవాలి. గాఢత పెంచితే గుంపులు ఇంకా గట్టిపడతాయి, బయటికి వచ్చే అణువులకు దారి ఇంకా కష్టమవుతుంది. 2014లో జపాన్‌లో సుకుబాలోని బృందం, సుగియాసు, తకెయుచి వాళ్లు, సరిగ్గా ఇలాంటి పార్ఫిరిన్‌లోనే దీన్ని చూపించారు. నేను ఆ పేపర్ చదివాను కూడా. చదివిన సంగతి చేతి దగ్గరికి రావడానికి ఆర్నెల్లు పట్టింది, అంతే.

ఇక్కడి నుంచి ప్రశ్న మారిపోయింది. "ఎందుకు చుక్కలు వస్తున్నాయి" అన్నది కాదు. చుక్కలు రావడం సహజం, అవి తాత్కాలికం, ఎప్పటికైనా పోగులవ్వాల్సినవే. "ఎంతసేపటికి మారుతున్నాయి, ఆ టైముని ఏది కదిలిస్తోంది" అన్నది అసలు ప్రశ్న.

బస్సు

చుక్కలకూ పోగులకూ రంగులో తేడా ఉంది. విడి అణువు సుమారు 420 నానోమీటర్ల దగ్గర వెలుతురు మింగుతుంది. చుక్కల్లో ఆ శిఖరం ఎరుపు వైపు జరుగుతుంది, పోగుల్లో నీలం వైపు జరుగుతుంది, అణువులు పక్కకు జారి పేర్చుకున్నాయా, ముఖాముఖి పేర్చుకున్నాయా అన్నదాన్ని బట్టి. ఈ ముక్క అమ్మాయికి తెలుసు, గైడ్ గారికి తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆకారం అంటే ఏఎఫ్ఎమ్ అని అందరి బుర్రలో పడిపోయింది కాబట్టి, పక్కనే ఉన్న యూవీ మిషన్‌ని వాడుకోవాలని ఎవరికీ అనిపించలేదు. డబ్బు పెట్టి హైదరాబాద్ పంపే శాంపిల్‌ని పంపేముందు పది నిమిషాలు ఇక్కడ చూసుకోలేదు.

డిసెంబర్‌లో ఆ పని చేశాం. ఒకే వయల్‌లోని (చిన్న గాజు సీసాలోని) ద్రావణాన్ని రెండుగా పోసి, ఒకటి ల్యాబు బీరువాలో పెట్టాం, ఒకటి ఆ అమ్మాయి పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో రాత్రి బస్సెక్కి తనే తీసుకెళ్లింది. బయల్దేరే ముందు రెండూ చుక్కలే, యూవీలో చూశాం. హైదరాబాద్‌లో దిగాక అక్కడి మిషన్‌లో చూస్తే ఆమె చేతిలోది సగానికి పైగా పోగులైపోయింది. బీరువాలోది ఇంకా చుక్కలే.

ఆరు గంటల కుదుపు. మెదడు జబ్బుల్లో కనిపించే అమైలాయిడ్ పోగుల మీద పని చేసేవాళ్లకి ఇది పాత సంగతి, గిన్నె కుదిపితే పోగులు త్వరగా పుడతాయి, పుట్టినవి విరిగి ఇంకా ఎక్కువ చివర్లు తయారవుతాయి, చివర్లు ఎక్కువైతే పెరుగుదలా ఎక్కువే. అంటే ఇన్నాళ్లూ ఏఎఫ్ఎమ్‌లో మేం చూసింది మా ద్రావణాన్ని కాదు, మా ద్రావణం బస్సు ప్రయాణం చేశాక ఎలా ఉందో దాన్ని. కొన్నిసార్లు కొరియర్‌లో రెండు రోజులు, కొన్నిసార్లు ఎవరో తెలిసినవాళ్ల కారులో, కొన్నిసార్లు రైల్లో వెళ్లింది. ప్రతిదీ వేరే కుదుపు, వేరే ఎండ.

అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాం. శాంపిల్‌ని పలక మీద ఇక్కడే పరిచి, ఆరబెట్టి, పలకని పంపాలి. ద్రావణం ప్రయాణం చేయకూడదు.

దీంతో సగం గందరగోళం పోయింది. సగమే. బీరువాలో కదలకుండా పెట్టిన వయల్స్‌లో కూడా ఒకటేమో రెండు గంటల్లో మారితే, ఇంకోటి రెండు రోజులకు మారేది.

ఐసు

జనవరిలో నేను ఆమె పక్కన కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా, మొత్తం పని చూస్తానన్నాను. రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యమ్మా, నేను లేననుకో అన్నాను. మధ్యాహ్నం మొదలుపెట్టింది. తూకం, కరిగించడం, 90 డిగ్రీల ఆయిల్ బాత్, అంతా పద్ధతిగా ఉంది. సాయంత్రం కాబోతుంటే గోడ గడియారం చూసి, ఫ్రిజ్ తెరిచి, ఐసు ముక్కలు బీకరులో వేసి, వేడి వయల్‌ని అందులో ముంచేసింది.

"ఇదేంటమ్మా?"

"గుంటూరు ప్యాసింజర్‌కి టైమైంది మేడమ్. త్వరగా చల్లారాలి కదా."

"రోజూ ఇలాగే చేస్తావా?"

"లేదు మేడమ్. శనివారం పిన్ని వాళ్లింట్లో ఉంటాను, ఆ రోజు హాట్‌ప్లేట్ ఆపేసి వదిలేస్తాను, అదే చల్లారుతుంది. సెలవుల్లో కూడా అంతే."

మే నెల బొమ్మ సెలవుల్లో తీసినది. ఇద్దరం నోట్‌బుక్ తీసి తేదీలకు వారాలు వేసుకున్నాం. శనివారాలు దాదాపు అన్నీ పోగులు. మామూలు రోజులు ఎక్కువగా చుక్కలు, తేలనివి కొన్ని. నలభై చోట్ల రాసిన "చల్లార్చాను"లో కనీసం మూడు వేర్వేరు పనులున్నాయి. ఆమె ఏదీ దాచలేదు. చల్లారడం అంటే వేడి తగ్గడం, ఎలా తగ్గినా చివరికి గది వేడిమికే వస్తుంది, దాంట్లో రాయడానికేముంది అనుకుంది. మామూలు రసాయన చర్యల్లో చాలా వాటికి అది నిజమే కూడా.

ఇక్కడ ఎందుకు కాదంటే, పోగులు గట్టివి కాబట్టి ఎక్కువ వేడిలో కూడా నిలబడగలవు, చుక్కలు ఇంకా చల్లబడ్డాకే నిలబడతాయి. అంటే పై నుంచి దిగుతుంటే మధ్యలో ఒక మెట్టు ఉంది, అక్కడ పోగులు మాత్రమే సాధ్యం. నెమ్మదిగా దిగితే ఆ మెట్టు మీద కాసేపు ఉంటాం, పోగులు పుట్టడానికి టైము దొరుకుతుంది. ఐసులో ముంచితే ఆ మెట్టు దూకేసి కిందపడతాం, అణువులకు చేతికందింది పట్టుకోవడమే మిగులుతుంది. బెల్లం పాకం పట్టేవాళ్లకి చెప్పక్కర్లేదు, ఒకే బెల్లం, ఒకే నీళ్లు, దించే క్షణాన్ని బట్టి తీగ పాకమో ఉండ పాకమో. ఎండాకాలంలో ల్యాబు ఏసీ ఆగినప్పుడు గది 38 డిగ్రీల దాకా పోయేది, అది ఆ మెట్టుకి ఇంకా దగ్గర, అందుకే మేలో చేసినవి ఎలా చేసినా పోగుల వైపే మొగ్గాయి.

గైడ్ గారు వెంటనే ఐసు బంద్ అన్నారు. నేను వద్దన్నాను. ఈ కేసులో నేను తీసుకున్న నిర్ణయాల్లో సరైనది ఏదైనా ఉంటే అదొక్కటే అనుకుంటా. నెమ్మదిగా చల్లారిస్తే పోగులు వస్తాయి, నిజమే. కానీ ఎక్కడ ఎన్ని పుడతాయో మన చేతిలో ఉండదు, కొన్ని రెండు మైక్రాన్లు, కొన్ని పది, అన్నీ చిక్కుపడి. ఆయనకు కావలసింది పొడవు మీద పట్టు. ఐసులో ముంచితే అణువులు చుక్కలుగా ఆగిపోయి, రెండు రోజులు ఎదురుచూస్తూ కూర్చుంటాయి. అలా ఎదురుచూసే ద్రావణమే మనకు ముడిసరుకు. రైలు కోసం పడిన తొందరే చివరికి పద్ధతిలో మొదటి మెట్టయింది.

నీళ్లు, ఆ తర్వాత దుమ్ము

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పని బాగా నడిచింది. ఐసులో సరిగ్గా రెండు నిమిషాలు, తర్వాత 25 డిగ్రీల నీళ్లబాత్, కదపడం లేదు. చుక్కలు ముప్పై నుంచి నలభై గంటలు ఆగేవి. జూలైలో వానలు పట్టగానే లెక్క తప్పింది. ఒకరోజు పది గంటలు, ఇంకోరోజు అరవై.

ఈసారి కొంచెం త్వరగానే పట్టుకున్నాం. 2018లో ఐండ్‌హోవెన్ బృందమే చూపించిన విషయం ఉంది: నూనె లాంటి ద్రావణుల్లో పది లక్షల్లో కొన్ని పదుల వంతులు మాత్రమే కరిగే నీరు కూడా ఈ పోగుల నిర్మాణాన్ని మార్చేయగలదు, ఎందుకంటే నూనెలో ఒంటరిగా ఉన్న నీటి అణువుకి హైడ్రోజన్ బంధం కోసం విపరీతమైన ఆకలి. కృష్ణ ఒడ్డున జూలైలో గాలిలో నీటికి కొరతా? పైగా మన పద్ధతిలో ఐసు ఉంది. చల్లటి వయల్ మూత తీస్తే తడిగాలి లోపలికి పోతుంది, చల్లబడిన ద్రావణిలో నీరు కరగలేక విడిపోతుంది కూడా.

ఫార్మా కంపెనీ క్వాలిటీ విభాగంలో పనిచేసే పాత విద్యార్థి ఒకతను నీరు ఎంత ఉందో కొలిచే కార్ల్ ఫిషర్ మిషన్‌లో మా ద్రావణిని చూసి పెట్టాడు. నెల క్రితం తెరిచిన ద్రావణి సీసాలో నీరు కొత్త సీసాలో కంటే మూడింతలకు పైగా ఉంది. మందు తెలిసిందే, నీటిని పీల్చే మాలిక్యులర్ సీవ్స్ గుళికలు కాల్చి ఆరబెట్టి సీసాలో వేయడం. వేశాం. నీరు తగ్గింది. అయితే ఇప్పుడు చుక్కలు రెండు గంటలు కూడా ఆగడం లేదు! వేసినవన్నీ వెంటనే పోగులు.

అమ్మాయి ఈసారి ఏడవలేదు, కోపం వచ్చింది. నాకు అది మంచి గుర్తుగా అనిపించింది. సీసాని వెలుతురులో పట్టుకుని తిప్పి, "మేడమ్, అడుగున బూడిద చూడండి" అంది. సీవ్స్ ఒకదానికొకటి రాసుకుని రాలిన పొడి. ప్రతి రేణువూ పోగు పుట్టడానికి ఒక అరుగు. నీటిని తీయబోయి దుమ్ము కలిపాం. అప్పటి నుంచి ఆరబెట్టిన ద్రావణిని వాడేముందు 0.2 మైక్రాన్ల టెఫ్లాన్ సిరంజి ఫిల్టర్‌తో వడకట్టడం, వయల్స్ కూడా అదే ద్రావణితో కడగడం, మూత గది వేడిమికి వచ్చాకే తీయడం మొదలుపెట్టాం. చుక్కలు మళ్లీ ముప్పై ఆరు గంటలు ఆగాయి, కాస్త అటూ ఇటూ. ఆగస్టు వానలో కూడా.

తోడు

ఇక పొడవు. పాలిమర్ రసాయనంలో 1956లో మైకేల్ స్వార్క్ చూపించిన లివింగ్ పాలిమరైజేషన్ సూత్రమే ఇక్కడా: కొత్త మొదళ్లు పుట్టకుండా, ఉన్న మొదళ్లే పెరిగితే, పొడవు కేవలం మొదళ్లకూ అణువులకూ ఉన్న నిష్పత్తి. తయారైన పోగులను సోనికేటర్‌లో పెట్టి ముక్కలు చేస్తే అవే మొదళ్లు. ఆ ముక్కలను ఎదురుచూస్తున్న చుక్కల ద్రావణంలో కలిపితే, చుక్కల్లోంచి అణువులు వచ్చి ముక్కల చివర్ల మీద పేర్చుకుంటాయి.

ల్యాబులో అందరూ దీన్ని తోడు అనే అంటారు. పోలిక దగ్గరిదే, కానీ ఒక తేడా ఆ అమ్మాయే చెప్పింది: పాలలో తోడు దానంతటదే పిల్లల్ని పెడుతుంది, ఎంత వేసినా చివరికి పెరుగే. ఇక్కడ తోడు పిల్లల్ని పెట్టకూడదు, పెడితే మన లెక్క పోయినట్టే. అందుకే కలిపాక ఒక్కసారి నెమ్మదిగా వంచి వదిలేయాలి, కుదపకూడదు.

మొదటి మూడు ప్రయత్నాల్లో ముక్కల పొడవే నిలకడగా రాలేదు. సోనికేటర్ తొట్టిలో వయల్ ఏ మూల పెట్టామన్నదాన్ని బట్టి శబ్దం బలం మారుతుంది, పైగా అరగంట ఆడిస్తే తొట్టిలో నీళ్లు వేడెక్కి చిన్న ముక్కలు కరగడం మొదలవుతాయి. తొట్టి అడుగున రేకు కాగితం పెట్టి, ఎక్కడ చిల్లులు ఎక్కువ పడ్డాయో చూసి, ఆ చోట స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టాం. తొట్టిలో ఐసు, ఐదు నిమిషాలు ఆడించడం, రెండు నిమిషాలు ఆపడం. తయారైన ముక్కలు నిల్వ ఉంటే ఒకదానికొకటి అతుక్కుని మళ్లీ పొడవవుతాయి, కాబట్టి అరగంటలోపు వాడేయాలి.

ముక్కలు సగటున 100 నానోమీటర్లు వచ్చాయి. ఒక వంతు ముక్కలకు ఐదు వంతుల అణువులు కలిపితే లెక్క ప్రకారం పొడవు 600 కావాలి. ఏఎఫ్ఎమ్‌లో రెండొందల పోగులు కొలిస్తే సగటు 570 దగ్గర వచ్చింది. రెండు గంటల్లో పెరుగుదల పూర్తి, యూవీలో చుక్కల శిఖరం మాయం. ఆ రోజు గైడ్ గారు గోడ మీద పాత ప్రింట్ తీసేసి ఇది పెట్టారు. మధ్యలో ఒకసారి డీఎల్ఎస్‌లో (వెలుతురు చెదిరే తీరుని బట్టి సైజు లెక్కకట్టే మిషన్‌లో) కూడా పొడవు చూద్దామన్నారు గానీ, ఆ మిషన్ ప్రతిదాన్నీ గోళం అనుకుని లెక్క కడుతుంది, పోగుకి అది చెప్పే అంకె నమ్మితే మళ్లీ మొదటికొస్తామని నేనే ఆపాను.

ఒకటికి ఇరవై నిష్పత్తి దగ్గర మాత్రం దెబ్బతింది. 2100 రావాల్సింది సగటు 1300 వచ్చింది, పొట్టివి చాలా. కారణం వెతకడానికి ఈసారి ఎక్కువ టైము పట్టలేదు: ముక్కలు తక్కువైనప్పుడు పెరుగుదలకు ఎక్కువ గంటలు పడుతుంది, ఆ గంటల్లో వాటంతటవే కొత్త పోగులు పుట్టేస్తున్నాయి. అందుకని ఇరవై వంతులూ ఒక్కసారే కలపకుండా, ఐదేసి వంతులుగా నాలుగు విడతల్లో, ప్రతి విడతా యూవీలో చుక్కలు అయిపోయాయని చూసుకున్నాకే తర్వాతది కలిపాం. 1800 దాటింది. దీనికి ఉదయం ఏడింటికి మొదలుపెట్టి సాయంత్రం దాకా ఉండాలి, కాబట్టి ఆ పని శనివారాలకే పెట్టుకుంది.

ఇంకా తేలనిది

అదే జపాన్ బృందం 2017లో ఒకే అణువు నుంచి పోగు తోడు వేస్తే పోగులు, రేకు తోడు వేస్తే రేకులు రాబట్టింది. మా దగ్గర కూడా రెండు శాంపిల్స్‌లో పోగుల మధ్య చిన్న చిన్న రేకులు కనిపించాయి. గైడ్ గారు అవి మురికి అంటున్నారు. నేను కాదంటున్నాను, ఎందుకంటే రెండుసార్లూ ద్రావణం నెల పైగా నిల్వ ఉన్నది. బహుశా పోగులు కూడా ఈ అణువుకి ఆఖరి మజిలీ కాదేమో. అమ్మాయి మూడు వయల్స్ మూత సీలు వేసి 25 డిగ్రీల బాత్‌లో పెట్టింది, కరెంటు పోతే బాత్ ఆగిపోతుందని కాలేజీ ఇన్వర్టర్ లైనుకి మార్పించుకుంది, దానికోసం ఆఫీసు చుట్టూ తిరిగిన సంగతి వేరే రాయాలి.

నోట్‌బుక్‌లో ఇప్పుడు ఆ వాక్యం లేదు. దాని చోట ఇలా ఉంటోంది: "90 డిగ్రీలు, 15 నిమిషాలు. ఐసు 2 నిమిషాలు. మూత తీయలేదు. బాత్ 25. సీసా తెరిచి 4 రోజులు, వడకట్టినది. బయట వాన. ప్యాసింజర్ లేటు, 6.10కి బయల్దేరాను, అప్పటికి యూవీలో చుక్కలే."